కొనేవాడి నోటి ధర

ఆదివారం చర్చిలో అందరం కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు, మా పట్ల తప్పు చేసినవాళ్లను మేము క్షమించినట్టుగా అనే చోటికి వచ్చేసరికి నేను నోరు మూసుకుంటాను. పాస్టరమ్మగారు అది కనిపెట్టి ఒకసారి పక్కకు పిలిచి అడిగారు. "దేవుడి ముందర అబద్ధం ఆడలేనండీ" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

నేను క్షమించని మనిషి ఒక్కడే. బందరులో మా పేపరు డెస్కుకు ఇన్‌ఛార్జి. గుడివాడ మార్కెట్టు ధరలు రాసే కాలమ్ నా చేతిలో ఉండేది. దాన్ని నలుగురి ముందు నన్ను నవ్వులపాలు చేసి లాక్కున్నాడు. దాన్ని అతని చేత్తోనే తిరిగి ఇప్పించుకోవాలని పట్టుబట్టాను. ఈ రాసేదంతా ఆ పట్టు గురించే.

నా చదువు మొవ్వ దగ్గర మా ఊరి మిషన్ స్కూల్లో ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ ఏడు నాట్లకు చెయ్యి తక్కువైంది, మా నాన్న నన్ను పొలానికి తీసుకుపోయాడు. పెళ్లయి గుడివాడ వచ్చాను. మా ఆయన పేపరు ఏజెంటు. తొలి బస్సులో వచ్చే కట్టలు దింపుకుని పిల్లల చేత వేయించేవాడు. పేపరు వాళ్లే ఆయన్ని మార్కెట్టు ధరలు కూడా పంపమన్నారు. లైన్ అకౌంట్ పని, అంటే అచ్చయిన లైన్లను బట్టి ఇచ్చేది. ఆయనకు ఆయాసం ఎక్కువయ్యాక మార్కెట్టుకు నేను వెళ్లి కనుక్కుని వస్తే ఆయన రాసేవాడు. ఆయన పోయాక రాయడం కూడా నాదే అయింది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. కట్టలకు చుట్టి వచ్చే కాగితాల వెనకవైపు రాసేదాన్ని. తెల్లకాగితం కొనడం దేనికి, అచ్చయ్యేది అక్షరం గాని కాగితం కాదు గదా.

మార్కెట్టులో ఎవరిచ్చిన టీ తాగేదాన్ని కాదు. సీసాలో నీళ్లు, డబ్బాలో అన్నం నావే. టీ తాగితే పోసినవాడు చెప్పిన ధర చేదుగా ఉన్నా మింగాల్సి వస్తుంది.

నా పద్ధతి ఒకటే. కాటా కాకముందు ఎవర్నీ అడగను. అప్పటివరకు అందరూ చెప్పేది ఆశ. తూకం అయిపోయి, బస్తా లారీ ఎక్కాక, అమ్మినవాడు చెట్టు కింద కూర్చుని బీడీ ముట్టిస్తాడే, అప్పుడు అడుగుతాను. తరవాత బస్తా మోసిన హమాలీని అడుగుతాను. కొన్నవాణ్ణి చివర అడుగుతాను. కొనేవాణ్ణి ఇవాళ్టి ధర అడిగితే, రేపు తనకు ఎంతకు కావాలో అది చెబుతాడు. దాన్ని అచ్చువేస్తే రేపు నిజంగా అదే ధర అవుతుంది. మా వైపు ఊళ్లల్లో బేరం దగ్గర పేపరు మడత విప్పి చూపిస్తే ఇంక మాటల్లేవు. "పేపర్లోనే ఉంది గదయ్యా" అంటే రైతు తల దించుకుని సంచీ మూతి విప్పుతాడు. ఆ సంగతి తెలిసి కూడా ఊరికే ఒక అంకె రాసి పడేస్తే, అది జేబు కొట్టడంతో సమానం.

ఆ డెస్కు ఇన్‌ఛార్జి కొత్తగా వచ్చిన ఏడు మినుము చేతికొచ్చే రోజుల్లో ఒకనాడు నేను చెప్పిన ధర ఒకటి, అచ్చయింది మరొకటి. తగ్గింది. ఫోన్ చేస్తే "చూస్తామండీ" అన్నాడు. మర్నాడూ అంతే. ఆ వారంలోనే మా తమ్ముడు మొవ్వ నుంచి వచ్చాడు. వచ్చినవాడు గుమ్మం లోపలికి రాలేదు.

"మినుములు అమ్మేశానక్కా."

"ఎంతకి?"

"నువ్వు రాసినదానికే. షావుకారు నీ పేపరే చూపించాడు. మీ అక్క రాసిందేగా, ఇంకా నన్నడుగుతావేంట్రా అన్నాడు."

"నేను రాసింది అది కాదురా."

"నీ కాలమే గదా అది. ఇంకెవరు రాస్తారు?" అని సైకిలు తిప్పుకున్నాడు. మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు.

మర్నాడు ప్యాసింజరెక్కి బందరు ఆఫీసుకు వెళ్లాను. డెస్కులో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కాలేజీ పిల్లలు ఆఫీసు చూడ్డానికి వచ్చి గోడవారగా నిలబడ్డారు, వాళ్లను తీసుకొచ్చిన లెక్చరరమ్మ కూడా ఉంది.

"ఏంటమ్మగారూ, ఇంత దూరం వచ్చారు? ఫోన్లున్నాయి గదా" అన్నాడు.

"ఫోన్లో మీకు వినపడలేదని వచ్చానండీ. నేను చెప్పిన మినుము ధర ఎవరు మార్చారు?"

"మార్చడం కాదండీ. క్రాస్ చెక్ చేశాం."

"ఎవర్ని అడిగి?"

"వ్యాపారుల్ని."

"అంటే కొనేవాళ్లని."

"తెలిసినవాళ్లని అనండి." కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంతకీ మీరెంతవరకు చదువుకున్నారు?"

"ఐదు."

"డిగ్రీ ఐదేళ్లా?"

"ఐదో తరగతండీ."

అతను పిల్లలవైపు తిరిగాడు. "విన్నారా? మా బిజినెస్ పేజీకి స్పెషలిస్టు. ఐదో క్లాసు!"

నవ్వారు. పిల్లలూ నవ్వారు, వాళ్లనేం అనను, పెద్దవాడు నవ్వమన్నట్టు చూస్తే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే అతను అసలు మాట చెప్పాడు.

"రేపట్నుంచి మీరు ఎండలో తిరగక్కర్లేదండీ. వ్యాపారుల గుమస్తా పొద్దున పదింటికల్లా ధరలన్నీ టైపుచేసి వాట్సాప్‌లో పెడుతున్నాడు. మీరేమో సాయంత్రం దాకా చెప్పరు. పైగా అతను పైసా అడగడు."

"ఎందుకు అడగడో ఆలోచించారా?"

"మీకన్నా సేవాభావం ఎక్కువేమో."

మళ్లీ నవ్వు. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నాకు ఏడుపు రాలేదు. వెనక్కి వెళ్లి అతని బల్లమీదున్న కంప్యూటరు ఎత్తి కింద పడేద్దామనిపించింది. దాని ఖరీదు నా చేత కట్టిస్తారని గుర్తొచ్చి ఆగాను. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషి నాకు ఖర్చు లేకుండా దొరకాలి అని.

నవ్వని మనిషి ఆ గదిలో ఒక్కతే, ఆ లెక్చరరమ్మ. కొన్నాళ్లకు గుడివాడ వచ్చి మా ఇల్లు వెతుక్కుని కనిపెట్టింది. బందరు కాలేజీలో జర్నలిజం చెబుతుందట. బిజినెస్ వార్తల పాఠానికి పుస్తకాల్లో షేర్లూ బ్యాంకులూ తప్ప మన మార్కెట్లు లేవని, శనివారాలు వచ్చి పిల్లలకు చెప్పమని అడిగింది.

"నేనేం చెప్పగలనమ్మా?"

"మీరు ఆరోజు అడిగారు గదండీ, ఎవర్ని అడిగి అని. అదే చెప్పండి."

ఒప్పుకున్నాను. బస్సు చార్జీలు ముందుగానే ఇవ్వాలన్నాను. పిల్లలకు చదువు చెప్పాలన్న పుణ్యం కోసం ఒప్పుకున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల మంచితనం. ఆ పిల్లలు రేపు వెళ్లి చేరేది ఆ డెస్కులోనే. అతని చేతికి చిక్కకముందే వాళ్లను నేను పట్టుకోవాలి. అతని గదిలో కూర్చుని అతన్నే "ఎవర్ని అడిగి రాశారు సార్?" అని అడిగే నోళ్లు తయారుచెయ్యాలి. నా పంతులమ్మ పని అట్లా పగతోనే మొదలైంది, ఇప్పటికీ దాంతోనే నడుస్తోంది.

మొదటి శనివారం గోడమీద బొమ్మలు వేసే మిషను పెట్టి ఉంచారు. కరెంటు దండగ, ఆపేయమన్నాను. అందర్నీ గిలకలదిండి రేవుకు తీసుకెళ్లాను. పడవలు వచ్చే వేళ. నాగాయలంక నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల ఒకతె చురుకైంది. చేపల వేలంపాట జరుగుతుంటే జనంలో దూరి, పాటగాడు అరిచిన ధర గబగబా రాసుకుంది. బుట్ట పక్కన కూర్చున్న ఒకావిడ దాని వంక చూసి,

"ఏం పిల్లా, చేపలు కొంటావా, ఫొటో దిగుతావా?" అంది.

"రేటు రాసుకుంటున్నానండీ."

"రాసుకో, రాసుకో. వాడు అరిచింది రాస్తావా, నా చెంగులో పడింది రాస్తావా?"

పిల్ల నా వంక చూసింది. "కొట్టెయ్. చెంగు ముడి వేసుకున్నాక వెళ్లి అడుగు" అన్నాను. మూడు పడవలు తిరిగి మళ్లీ మొదటినుంచి రాసుకొచ్చింది.

వాళ్లకు ఇంకో నియమం కూడా పెట్టాను. అమ్ముకునేవాడెవడైనా వచ్చి, పక్క ఊళ్లో ఎంత పడిందమ్మా అని అడిగితే దాచకుండా చెప్పాలి. వాళ్ల నోటినుంచే తెచ్చుకున్న మాట, వాళ్లకే దాచడం దొంగతనం. ఈ నియమమే తరవాత నా కాళ్లకు అడ్డం పడింది.

ఆ నాగాయలంక పిల్లే ఒకసారి బస్టాండులో చెప్పింది. "మామ్మగారూ, పేపరాఫీసు సారు లేరూ, ఆయన మా ఊరి పక్కన చెరువులు లీజుకు తీసుకున్నారు. వాళ్ల మావగారి ఊరంట."

"ఏం వేశాడు?"

"రొయ్య."

ఆ రోజు బస్సులో గుడివాడ వెళ్లేదాకా నాకు కూర్చున్నట్టే లేదు. రొయ్యల ధర కూడా ఇప్పుడు ఆ గుమస్తానే పంపుతున్నాడు. పొద్దున్నే ఫోన్లోకి వస్తుంది, ఎవరూ ఎవర్నీ అడగకుండా పేజీలోకి ఎక్కుతుంది. అతనే అట్లా ఏర్పాటు చేశాడు. రొయ్యకు కౌంటు అని ఉంటుంది, కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. కౌంటుకో ధర. గట్టుమీదికి వచ్చే కొనుగోలు మనిషి చేతిలో పేపరు ఉంటుంది. తన చెరువు పట్టేనాడు, అంటే వల వేసి రొయ్య తీసేనాడు, తన పేపరే తనకు అడ్డం వస్తుందని ఆ ఇన్‌ఛార్జికి తట్టలేదు. ధర అనేది ఊళ్లోవాళ్ల గొడవ అనుకున్నాడు, తన పొలానికి కూడా వస్తుందనుకోలేదు.

"చెరువు పట్టేది ఎప్పుడో కనుక్కో. మన క్లాసు ఆ రోజు అక్కడే" అన్నాను పిల్లతో. లెక్చరరమ్మ "ఎందుకండీ అంత దూరం?" అంటే, "దివిసీమ చూపిద్దాం పిల్లలకి" అన్నాను.

మేం వెళ్లేసరికి గట్టు మీద ఐసు లారీ ఆగి ఉంది. కాటా నిలబెట్టారు. చెరువులో మనుషులు నడుము లోతున వల లాగుతున్నారు. అతను ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు, పట్టాక నవ్వబోయి మానుకున్నాడు. నేను పిల్లల్ని గట్టు పక్కన వరుసగా కూర్చోబెట్టాను. వాళ్ల దగ్గర, ముందురోజు కోడూరులో, ముదినేపల్లిలో చెరువులు పట్టినవాళ్లకు ఫోన్లు చేసి, కాటా అయ్యాక పడ్డ ధరలు అడిగి రాసుకొచ్చినవి ఉన్నాయి.

మొదటి వల గట్టెక్కింది. కొనుగోలు మనిషి గుప్పెడు రొయ్యలు తూచి కౌంటు చెప్పి, పేపరు మడత విప్పాడు.

"ఇదిగోండి సార్, ఇవాళ్టి రేటు."

అతను చూసి, "ఇదేంటి? ఇంత తక్కువా? మొన్న పక్క చెరువుకి ఎంతిచ్చారు?" అన్నాడు.

"మొన్నటి సంగతి మొన్నే సార్. ఇది మీ పేపరే గదా. మీరు రాసిందానికన్నా నేను ఎక్కువిస్తే మా కంపెనీ వాళ్లు నన్నాడిపోసుకుంటారు."

"నేను రాయలేదయ్యా. నేను లీవులో ఉన్నా."

"మీ పేపరు లీవులో లేదు గదా సార్."

లారీమీది కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. అతను అటూ ఇటూ చూశాడు, అప్పుడు నావైపు వచ్చాడు. ఒకసారి చెరువు కదిపి వల దింపాక ఆపడం కుదరదు. కలతపడ్డ రొయ్య నీళ్లల్లో నిలవదు, ఒడ్డున పడ్డది ఐసు లేకుండా ఉండదు. ఆ తొందర అతని మొహంలో కనపడింది. నేను దానికోసమే అంత దూరం వచ్చాను.

"అమ్మగారూ, మీకు బయట రేట్లు తెలుస్తాయి గదా. ఈయనకు కాస్త చెప్పండి."

"నాకేం తెలుస్తాయండీ? ఐదో క్లాసు."

కొనుగోలు మనిషి "తూచమంటారా సార్?" అని అరిచాడు. అతను ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను డబ్బా మూత తీసి పెరుగన్నం తినడం మొదలుపెట్టాను. మొదటి వల రొయ్యలన్నీ పేపర్లో ఉన్న ధరకే తూగి, ఐసులోకి వెళ్లాయి. ప్రతి ట్రే ఎత్తిపోస్తుంటే చూశాను. అన్నం అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

నాగాయలంక పిల్ల నా పక్కకు జరిగి, నెమ్మదిగా అంది. "మామ్మగారూ, అమ్మేవాళ్లు అడిగితే దాచకూడదన్నారు."

"అన్నాను."

"ఆయన అడిగారు గదండీ."

"ఆఫీసరులాగ అడిగాడు. అమ్మేవాడిలాగ అడగనీ."

పిల్లకు ఆ జవాబు నచ్చలేదు. మూతి ముడుచుకుంది. మిగతా పిల్లలు కూడా నన్నే చూస్తున్నారు. వాళ్ల చూపు నాకు తగిలింది, కాదనను. నేను ఇంకా నోరు విప్పకపోతే రేపు ఈ పిల్లలు కూడా ఎవడిమీద కోపం వస్తే వాడి దగ్గర ధర దాస్తారు. అప్పుడు అతనికీ నాకూ తేడా లేకుండా పోతుంది. కాని ఊరికే ఇవ్వడానికి నేను రాలేదు.

రెండో వల దగ్గరకు వస్తోంది. అతను మళ్లీ వచ్చాడు. ఈసారి తువ్వాలు తలమీద లేదు, చేతిలో ఉంది.

"అమ్మా, నా సరుకు పోతోందమ్మా. అప్పు తెచ్చి వేశాను."

"మొవ్వలో మా తమ్ముడూ అట్లాగే అప్పు తెచ్చి వేశాడు, మినుము. సరే, చెబుతాను. ముందు మీ డెస్కుకి ఫోన్ చెయ్యండి. ఇక్కడే, అందరికీ వినపడేట్టు పెట్టి."

"ఏం చెప్పమంటారు?"

"రేపట్నుంచి ఆ గుమస్తా పంపినవి వెయ్యొద్దని. ధరలు నేనూ ఈ పిల్లలూ చెబుతామని. ప్రతి ధర పక్కన, చెప్పింది అమ్మినవాడా కొన్నవాడా అని అచ్చువెయ్యాలని."

"ఇది ఎడిటరుగారు..."

"వల గట్టెక్కుతోందండీ."

ఫోన్ చేశాడు. సగం మాటలు మింగేస్తుంటే, "గట్టిగా చెప్పండి, మాకు వినపడలేదు" అన్నాను. మళ్లీ చెప్పాడు. అవతలి కుర్రాడు "అలాగే సార్, ఆ గుడివాడ ఆవిడేనా సార్?" అన్నాడు. "ఆవిడే" అన్నాడు.

"ఇంకొకటి" అన్నాను. "సాయంత్రం నేను ఫోన్ చేస్తే ఎత్తేది మీరే. రాసుకునేది మీరే. రాసుకున్నాక నాకు చదివి వినిపించాలి. మార్చారో లేదో నాకు తెలియాలి గదా."

అతను నా మొహంలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి, ఇది రొయ్యలతో అయిపోయేది కాదని. తల ఊపాడు. నోటితో చెప్పమన్నాను. చెప్పాడు.

అప్పుడు పిల్లకు సైగ చేశాను. అది లేచి కొనుగోలు మనిషి దగ్గరకు వెళ్లి, కోడూరులో నిన్న ఇదే కౌంటుకు ఏ ధర పడిందో చదివింది. వాడు "ఎవరో ఏదో చెబుతారు చెల్లెమ్మా" అన్నాడు. పిల్ల అమ్మిన రైతుకే ఫోన్ కలిపి వాడి చెవి దగ్గర పెట్టింది. రైతు కేకలు గట్టుదాకా వినపడ్డాయి. కొన్నది కూడా ఇదే కంపెనీ అని తేలింది. వాడు ఫోన్ పట్టుకుని లారీ వెనక్కి వెళ్లి, పైవాళ్లతో మాట్లాడి వచ్చి ధర పెంచాడు. కోడూరులో ఇచ్చినంత ఇవ్వలేదు గాని, పేపర్లోదానికన్నా బాగా పెరిగింది.

"మరి మొదటి వల?" అన్నాడు అతను.

"అది తూకం అయిపోయిందిగా సార్" అన్నాడు వాడు.

అతను నన్ను చూశాడు. నేను డబ్బా కడుక్కుంటున్నాను.

తిరుగు బస్సులో లెక్చరరమ్మ, "మీరు ముందే చెప్పి ఉండొచ్చండీ" అంది. "ఉండొచ్చు" అన్నాను. పిల్ల చల్లపల్లి దాటేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చుంది. దాటాక, "ఆయన రేపు ఫోన్ ఎత్తకపోతే?" అని అడిగింది.

ఎత్తాడు. ఇప్పటికీ ఎత్తుతున్నాడు. ఆ గట్టు మీద ఫోన్లో అతను చెప్పిన మాటలు కాలేజీ పిల్లలందరూ విన్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు అతని డెస్కులోనే, అతనికి ఎదురుగా కూర్చుంటున్నారు. వ్యాపారులు అతనితో ఎడమొహం పెడమొహం. ధర పక్కన కొన్నవాడు అనో అమ్మినవాడు అనో అచ్చు పడుతుంటే, షావుకార్లకు బేరం దగ్గర పేపరు విప్పడానికి మనసొప్పడం లేదు.

నేను ఫోన్ చార్జీ వృథా అవుతుందని గబగబా చెప్పేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు నెలకింత అని ముందే కట్టేశాను, ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ధాన్యం, మినుము, పెసర, రొయ్య అయ్యాక కూరగాయలకు వస్తాను. వంకాయలో తెల్లదెంత, నల్లదెంత. గోంగూర కట్ట. తోటకూర కట్ట. ఆఫీసులో అందరూ ఇళ్లకు వెళ్లడానికి సంచులు సర్దుకుంటున్న చప్పుడు నాకు వినపడుతుంది. అయ్యాక చదవమంటాను. అతను చదువుతాడు, పక్కవాళ్లు వినకూడదని గొంతు తగ్గించి.

"వినపడ్డం లేదండీ" అంటాను.

గొంతు పెంచుతాడు. నిన్న గోరుచిక్కుడు దగ్గర తడబడ్డాడు. ధాన్యం నుంచి మళ్లీ చదివించాను.